బోర్డు ఎత్తుకుపోయిందట!

కోదాడ బస్టాండు పక్కన ఏ టీ కొట్టు దగ్గరైనా పది నిమిషాలు నిలబడండి. కృష్ణా జలాల మీద ట్రిబ్యునళ్లు ఏళ్ల తరబడి తేల్చలేని తీర్పులు మూడు వరసగా వినిపిస్తాయి. "నీళ్లన్నీ బోర్డోళ్లు ఎత్కపోయిండ్రు" అన్నది మొదటిది (బోర్డంటే కృష్ణా నదీ యాజమాన్య బోర్డు). "ప్రాజెక్టులు బోర్డు చేతిల పెడితే నల్లగొండ మళ్ల ఎడారే" అన్నది రెండోది. "అసలా బోర్డు గట్టిగుంటే మనకీ తిప్పలే లేకపోవు" అన్నది మూడోది. ఒకే మనిషి ఒకే టీ తాగుతూ ఈ మూడూ అంటాడు. ఒకదాన్నొకటి కొట్టేసుకునే మాటలివి అని అతనికి తోచదు. అతన్ని నేను తప్పుపట్టను. పొట్టకొచ్చిన వరి నీళ్లందక పాలిపోతుంటే తర్కశాస్త్రం ఎవరికి కావాలి?

నా కోపమంతా చదువుకున్నవాళ్ల మీద. ఇదే మాటను ఇస్త్రీ చేసి శాసనసభలో వినిపించినవాళ్లున్నారు, బహిరంగ సభల్లో అరిచినవాళ్లున్నారు, వ్యాసాలుగా అచ్చేసినవాళ్లున్నారు. ఒక పార్టీ అంటే ఇంకో పార్టీ కాదనే రకం మాట కూడా కాదిది. అన్ని పార్టీలూ అంటాయి. "నువ్వు అప్పగించావంటే నువ్వు అప్పగించావు" అని తిట్టుకుంటాయే గానీ, అప్పగిస్తే కొంప మునుగుతుందన్న దగ్గర అందరిదీ ఒకే పాట. ఇంతమంది ఒకేమాట మీద ఉన్నారంటే అది నిజమైనా అయ్యుండాలి, ఎవరూ కాగితం తెరిచి చూడనిదైనా అయ్యుండాలి. కాగితం తెరుద్దాం. తీర్పు పాఠకులే చెప్పండి.

2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం తొమ్మిదో భాగంలో ఉంది ఈ బోర్డు పుట్టుక. 85వ సెక్షన్ కృష్ణా నదీ యాజమాన్య బోర్డుకు కుర్చీలు లెక్కపెట్టి మరీ వేసింది. ఛైర్మన్ ఒకరు, కేంద్రంలో కార్యదర్శి లేదా అదనపు కార్యదర్శి స్థాయికి తగ్గకూడదు. రెండు రాష్ట్రాల నుంచి ఇద్దరేసి సభ్యులు, వాళ్లలో ఒకరు చీఫ్ ఇంజనీరుకు తగ్గని సాంకేతిక సభ్యుడు, రెండోవారు పరిపాలన వైపు నుంచి. కేంద్రం నియమించే నిపుణుడు ఒకరు. వీళ్లు కాక పూర్తికాలపు సభ్య కార్యదర్శి, కేంద్ర జల సంఘంలో చీఫ్ ఇంజనీరు హోదా ఉన్నవారు. మొత్తం ఏడు కుర్చీలు. అందులో నాలుగు మనవీ, ఆంధ్రావాళ్లవీ. ఇప్పుడు చెప్పండి, ఈ "బోర్డోళ్లు" ఎవరు? ఎక్కడి నుంచి దిగారు? హైదరాబాద్ ఎర్రమంజిల్ జలసౌధలో మన నీటిపారుదల శాఖ పెద్దలు కూర్చునే ఆవరణలోనే దాని కార్యాలయమూ నడిచింది. దొంగ ఎక్కడో లేడు, మన బల్లకు ఎదురుగా కూర్చుని మన క్యాంటీన్ టీయే తాగుతున్నాడు. దొంగే అయితే పట్టుకోవడం అంత కష్టమా?

ఏడు కుర్చీల మాట కూడా అటుంచండి. ఏటా నీళ్లు వదిలే పని నిజంగా చేసేది అందులో సగం కూడా లేని ఒక చిన్న కమిటీ. త్రిసభ్య కమిటీ అంటారు. బోర్డు సభ్య కార్యదర్శి, తెలంగాణ ఇంజనీర్ ఇన్ చీఫ్, ఆంధ్రప్రదేశ్ ఇంజనీర్ ఇన్ చీఫ్. అంతే. నీటి సంవత్సరం జూన్ 1న మొదలై మే 31న ముగుస్తుంది. శ్రీశైలంలో ఎంత ఉంది, నాగార్జునసాగర్‌లో ఎంత ఉంది, ఇప్పటిదాకా ఎవరెంత వాడారు అన్న లెక్క ముందు పెట్టుకుని, ఏ కాలువకు ఎన్ని టీఎంసీలు కావాలో రెండు రాష్ట్రాలూ ఇండెంట్ రాసిస్తాయి. ముగ్గురూ కూర్చుంటారు. ఒప్పుకున్నది కాగితం మీదికెక్కి నీటి విడుదల ఉత్తర్వు అవుతుంది. మిర్యాలగూడ ఆయకట్టుకు ఈ తడికి ఎన్ని నీళ్లు కావాలో అడగాల్సింది మన ఇంజనీరు. అడిగిందెంత, వచ్చిందెంత, వచ్చినదాంట్లో వాడిందెంత? ఈ మూడు అంకెలు చేతిలో లేకుండా "ఎత్తుకుపోయారు" అనడానికి నోరెలా వస్తుంది?

"సరే, నీళ్లు వదలడం కాదు, వాటాలు పంచడంలోనే మోసం జరిగింది, 811లో మనకు 299 ఇచ్చి వాళ్లకు 512 కట్టబెట్టింది బోర్డే కదా" అంటారు కాస్త లెక్కలు తెలిసినవాళ్లు. ఈ మాట అనేవాళ్ల మీద నాకు ఎక్కువ అసహనం, ఎందుకంటే వీళ్లకు సగం తెలుసు. 811 బోర్డు పుట్టించిన అంకె కాదు. బోర్డు పుట్టడానికి నలభై ఏళ్ల ముందు, 1973లో బచావత్ ట్రిబ్యునల్ తేల్చిన లెక్క. నూటికి డెబ్భై అయిదేళ్లు ఖాయంగా దొరికే 2,060 టీఎంసీల్లో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800. పొలాల్లోంచి తిరిగి నదిలోకి చేరే నీళ్లు కలిపి మన అంకె 811 అయింది. అది 1976లో గెజిట్‌కెక్కింది. అందులో నాగార్జునసాగర్‌కు 281. కుడి కాలువకు 132, ఎడమ కాలువకు 132, ఆవిరికి 17. మన తాతల నాటి అంకెలివి.

మరి 299? అదీ బోర్డు రాసింది కాదు. 2015 జూన్‌లో ఢిల్లీలో, కేంద్ర జలవనరుల శాఖ సమక్షంలో, రెండు రాష్ట్రాల అధికారులు కూర్చుని, ఉమ్మడి రాష్ట్రంలో ఏ ప్రాజెక్టుకు ఎంత కేటాయింపు ఉందో కూడి, ఆంధ్రాకు 512, తెలంగాణకు 299 అని సంతకాలు పెట్టారు. తాత్కాలికం అన్నారు. ఒక్క ఏడాదికే అన్నారు. ఆ ఒక్క ఏడాది ఏటేటా సాగుతూ పోయింది. ఉమ్మడి రాష్ట్రంలోని కృష్ణా పరీవాహకంలో తెలంగాణది 68 శాతానికి పైనే అయినప్పుడు 37 శాతం నీళ్లకు తలెందుకూపారని అడగండి, నేనూ మీతో గొంతు కలుపుతాను. ఆ ప్రశ్న న్యాయమైనది. కానీ దాన్ని ఎవరిని అడగాలి? సంతకం పెట్టినవాణ్ణా, ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టుకున్నవాణ్ణా? అన్నదమ్ములు పంపకం పత్రం రాసుకుని, చాలకపోతే దస్తావేజు రాసిన లేఖరి మీద పడితే ఊరు నవ్వదూ?

చట్టం ఈ విషయంలో అనుమానానికి తావే ఉంచలేదు. నీటి సరఫరాను క్రమబద్ధం చేయడం బోర్డు పని, అదీ ట్రిబ్యునళ్ల అవార్డులకు, రాష్ట్రాల మధ్య ఒప్పందాలకు లోబడి. కొత్త వాటాలు తేల్చే అధికారం దానికి లేనే లేదు. ఆ పని 89వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌ది. 2004లో వచ్చిన బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 2010లో ఒక నివేదిక, 2013లో ఇంకో నివేదిక ఇచ్చింది. సుప్రీంకోర్టు స్టే వల్ల అవి గెజిట్‌కు నోచుకోలేదు. రెండు తెలుగు రాష్ట్రాల మధ్య పంపకం తేల్చమని కేంద్రం ఆ ట్రిబ్యునల్‌కు కొత్తగా విధివిధానాలు ఇచ్చింది 2023 అక్టోబరులో. తెలంగాణ ఫిర్యాదు చేసింది 2014లో. తొమ్మిదేళ్లు ఆ ఫిర్యాదు ఢిల్లీ బల్లల మీద పడి ఉంటే మన సభల్లో ఎవరి పేరు వినిపించింది? బోర్డు పేరు. ఆలస్యం చేసినవాళ్లు సుఖంగా ఉన్నారు.

ఇంకా పైన ఒక అపెక్స్ కౌన్సిల్ ఉంది. 84వ సెక్షన్. కేంద్ర జలవనరుల మంత్రి అధ్యక్షుడు, ఇద్దరు ముఖ్యమంత్రులు సభ్యులు. బోర్డు పనిని పర్యవేక్షించాల్సింది, బోర్డు తేల్చలేనిది తేల్చాల్సింది ఇదే. ఎన్నిసార్లు కూర్చుంది? 2016 సెప్టెంబరులో ఒకసారి, 2020 అక్టోబరులో ఒకసారి. తొలి ఆరేళ్లలో రెండే రెండు సార్లు. పెళ్లికీ పేరంటానికీ ఒకే విమానం ఎక్కే నాయకులకు నీళ్ల కోసం కూర్చోవడానికి తీరిక దొరకలేదు. "బోర్డు చేతకానిది" అనే ముందు ఈ రెండు తేదీలు ఒకసారి గట్టిగా చదవండి.

ఇప్పుడు రెండో తీర్పుకు వద్దాం. "ప్రాజెక్టులు అప్పగిస్తే ఎడారి." 2021 జూలై 15న కేంద్రం గెజిట్ ఇచ్చింది. కృష్ణా మీద 36 ప్రాజెక్టులను బోర్డు పరిధిలోకి తెచ్చానంది, అదే ఏడాది అక్టోబరు 14 నుంచి అమలన్నది, ఒక్కో రాష్ట్రం అరవై రోజుల్లో ఒక్కో బోర్డుకు 200 కోట్ల రూపాయలు జమ చేయాలంది. ఏమైంది? గడువులోగా ఏ రాష్ట్రమూ ఆ డబ్బు కట్టలేదు. ప్రాజెక్టులూ చేతికి రాలేదు. సాగర్ తెలంగాణ చేతిలో, శ్రీశైలం ఆంధ్రా చేతిలో ఎప్పట్లాగే ఉండిపోయాయి. చేతిలో లేని గేటును బోర్డు ఎలా ఎత్తింది? తాళం చెవి ఎవరి మొలకు ఉందో వాళ్లను వదిలేసి ఇంటి బయట నిల్చున్నవాడి మీద దొంగతనం మోపే న్యాయం ఏ ధర్మశాస్త్రంలో ఉంది?

నిజంగా గేట్ల మీద చెయ్యి పడిన రోజు ఒకటి ఉంది. ఆ రోజు ఏం జరిగిందో ఈ ప్రాంతంలో మర్చిపోయినవాళ్లుండరు. 2023 నవంబరు 29 రాత్రి, తెల్లవారితే తెలంగాణలో పోలింగ్. ఆంధ్రా పోలీసులు సాగర్ డ్యాం మీదికొచ్చి 26 గేట్లలో 13 గేట్ల దాకా తమ అధీనంలోకి తీసుకున్నారు, ముళ్లకంచె వేశారు, కుడి కాలువకు నీళ్లు వదిలారు. ఆ రాత్రి డ్యాం మీద ఎవరున్నారు? ఒకవైపు ఒక రాష్ట్రం పోలీసులు, ఇంకోవైపు ఇంకో రాష్ట్రం పోలీసులు. బోర్డు ఎక్కడ? కాగితాల్లో. డిసెంబరు 1న కేంద్ర హోం కార్యదర్శి మాట్లాడితే గానీ రెండు రాష్ట్రాలూ నవంబరు 28 నాటి పరిస్థితికి వెళ్లడానికి ఒప్పుకోలేదు. డ్యాం కాపలాకు సీఆర్‌పీఎఫ్ వచ్చింది. నీళ్లు ఎత్తుకుపోతుందని మనం భయపడుతున్న ఆ సంస్థ, తన పరిధిలోనిదని గెజిట్ చెప్పిన డ్యాం మీద ఆ రాత్రి ఒక్క కానిస్టేబుల్‌ను కూడా ఆపలేకపోయింది. ఆ తర్వాత రెండున్నర నెలలకు, 2024 ఫిబ్రవరి 12న, ప్రాజెక్టులు బోర్డుకు ఇవ్వబోమని తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. మర్నాడు నల్లగొండలో ప్రతిపక్షం అదే విషయం మీద పెద్ద సభ పెట్టింది. ఇంత బలహీనుడి మీద ఇంత పెద్ద యుద్ధమా! పాపం, బోర్డే ఆశ్చర్యపోయి ఉంటుంది.

ఆగండి, బోర్డు తరఫు వకీలునని పొరబడకండి. మూడో తీర్పు చెప్పేవాళ్లున్నారే, "బోర్డు గట్టిగా ఉంటే అన్నీ సర్దుకుంటాయి" అనేవాళ్లు, వాళ్లదీ అంతే గుడ్డి నమ్మకం. ఆంధ్రా వైపు ఈ భక్తి ఎక్కువ, మన వైపూ అక్కడక్కడా ఉంది. గట్టి బోర్డు ఎలా ఉంటుందో చూడాలంటే తుంగభద్రకు వెళ్లండి. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు పుట్టిన తుంగభద్ర బోర్డు డ్యామును స్వయంగా నడుపుతుంది. అయినా 2024 ఆగస్టు 10 రాత్రి 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. వరద నీరు రోజుల తరబడి నదిపాలైంది. డెబ్భై ఏళ్ల అనుభవం, పూర్తి అధికారం ఉన్న బోర్డుకే ఒక గొలుసు తుప్పు కనిపించలేదు. బోర్డు అన్న మాటలో మహత్తేమీ లేదు. కుర్చీలో ఎవరు కూర్చుంటారు, వాళ్ల చేతిలో ఏముంది, పైవాడు మాట వింటాడా అన్నదే లెక్క.

ఇంకో మాట. కృష్ణలోకి నీళ్లు రావాల్సింది ఆలమట్టి మీదుగా. కావేరీకి 2018లో వేసిన యాజమాన్య ప్రాధికార సంస్థలో కర్ణాటక, తమిళనాడు, కేరళ, పుదుచ్చేరి నలుగురూ ఉన్నారు. కృష్ణా బోర్డులో మహారాష్ట్ర లేదు, కర్ణాటక లేదు. ఎగువన వాళ్లు ఏం చేసినా ఈ ఏడు కుర్చీలు చూస్తూ ఉండాల్సిందే. ఎగువ నుంచి వరద సరిగా రాని 2023లో ఎడమ కాలువ ఆయకట్టు యాసంగికి నీళ్లు లేక బీడు పడింది. ఆ ఏడాది నీళ్లు "ఎత్తుకుపోయిన" వాడు వానదేవుడు. అతనికి ఏ బోర్డులోనూ సభ్యత్వం లేదు.

బోర్డు ఎక్కడ ఉండాలన్నదాని మీద కూడా ఒక చిన్న కథ ఉంది, నవ్వుకోవడానికి. కృష్ణా బోర్డు ప్రధాన కార్యాలయం ఆంధ్రప్రదేశ్‌లో, గోదావరి బోర్డుది తెలంగాణలో ఉండాలని చట్టంలోనే రాశారు. కృష్ణా బోర్డు హైదరాబాదులోనే ఉండిపోయింది. 2020లో తరలింపు మాట గట్టిగా వచ్చినప్పుడు ఆంధ్రా ప్రభుత్వం చూపించిన చోటు ఏది? విశాఖపట్నం. కృష్ణ ఒక్క చుక్క పారని ఊరు. నదిని కాపాడడానికి సముద్రం ఒడ్డున కార్యాలయం అడిగినవాళ్లకు బోర్డంటే ఎంత గౌరవమో మీరే ఊహించుకోండి.

సూర్యాపేట మిత్రులకు విడిగా ఒక మాట చెప్పాలి. మీరూ కృష్ణా బోర్డును తిడుతున్నారు. ఎందుకు? సూర్యాపేట, తుంగతుర్తి చుట్టుపక్కల కాలువల్లో వచ్చేవి శ్రీరాంసాగర్ రెండో దశ కింద కాకతీయ కాలువ చివరి నీళ్లు. అంటే గోదావరి. దానికి బోర్డు వేరు, లెక్క వేరు. ఇంకొన్ని ఊళ్లకు సోలిపేట దగ్గరి మూసీ ప్రాజెక్టు. 2019 అక్టోబరులో ఆ ప్రాజెక్టు గేటు కొట్టుకుపోయి నిండు రిజర్వాయరు ఖాళీ అయిందే, అప్పుడు ఎవరు ఎత్తుకుపోయారు? గోదావరి నీళ్లు అందకపోతే కృష్ణా బోర్డును, మూసీ గేటు ఊడితే కృష్ణా బోర్డును, తిట్టడానికి ఒక పేరు దొరికింది కదా అని అన్నిటికీ దాన్నే వాడుతున్నారు. దగ్గుకూ దద్దుర్లకూ ఒకే మాత్ర ఇచ్చే వైద్యుడి దగ్గరికి మీరైతే వెళ్తారా?

పేరు చూసి మోసపోయేవాళ్లు ఇంకో రకం. "నదీ యాజమాన్య బోర్డు" కదా, నదిని కాపాడుతుందనుకుంటారు. మంచి మనుషులు, నదిని ప్రేమించేవాళ్లు. మిర్యాలగూడకు దగ్గర్లో, వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. హైదరాబాదు మురుగంతా మోసుకొచ్చిన నీళ్లు అక్కడ కృష్ణమ్మ ఒడిలో పడతాయి. సంగమంలో మునిగి లేచిన భక్తుడి ఒంటి మీద ఏం మిగులుతుందో చెప్పడం నాకిష్టం లేదు. దీని మీద కృష్ణా బోర్డుకు వినతిపత్రాలు ఇద్దామని ఆ మధ్య ఒకాయన నా దగ్గరికొచ్చారు. అయ్యా, ఆ చట్టం తెరవండి. నీటి సరఫరా, కరెంటు సరఫరా, మిగిలిన పనుల నిర్మాణం, కొత్త ప్రాజెక్టుల మదింపు, కేంద్రం అప్పగించే ఇతర పనులు. మురుగు మాట లేదు, ఇసుక మాట లేదు, చేప మాట లేదు. నదిలో నీళ్లెన్ని అని అడుగుతుందే గానీ, అవి ఎలా ఉన్నాయని ఈ బోర్డు అడగదు. అడిగే పని కాలుష్య నియంత్రణ మండలిది. 1974 నాటి నీటి చట్టం దానికిచ్చిన పని అది. వాడపల్లి మురుగుకు ఎర్రమంజిల్‌లో అర్జీ పెట్టడమంటే పంటి నొప్పికి కంటి వైద్యుడి దగ్గర వరసలో నిల్చోవడం.

నిజానికి ఆ చట్టంలో మనకు పనికొచ్చే మాట ఒకటుంది, ఎవరూ ఎత్తరు. పదకొండో షెడ్యూలు. తాగునీటికీ సాగునీటికీ పోటీ వస్తే తాగునీరే ముందు. సాగుకూ కరెంటుకూ పోటీ వస్తే సాగే ముందు. నిర్ణయం అమలు చేయని రాష్ట్రానికి ఆర్థిక జరిమానా. ఎంత స్పష్టం! 2021 జూలైలో శ్రీశైలం ఎడమ గట్టున పూర్తి సామర్థ్యంతో కరెంటు తీసి నీళ్లు కిందికి వదులుతున్నప్పుడు మనలో ఎంతమందికి ఈ వరస గుర్తొచ్చింది? అవి మన టర్బైన్లు కాబట్టి గుర్తు రాలేదు. చట్టం మనవైపు తిరిగినప్పుడే చట్టమా?

ఇక అసలు చోటికి వద్దాం. నీళ్లు పోతున్నాయి, నిజం. ఎక్కడ పోతున్నాయి? పోయిన యాసంగిలో మునగాల వైపు ఒక మేజరు కట్ట మీద నడిచాను. ఒక తూము దగ్గర ఆగాను. షట్టరు తిప్పే రాడ్డు లేదు. షట్టరు సగానికి దిగి ఒరిగి ఇరుక్కుంది. కింది సందులో ఇసుక బస్తాలు కుక్కి, పైన వరిగడ్డి వేసి, దాని మీద ఒక బండ పెట్టారు. బస్తాల పక్కనుంచి నీళ్లు బుడబుడమంటూ ఎవరికీ అక్కర్లేని ఒర్రెలోకి పోతున్నాయి. రెండు కిలోమీటర్ల కింద చివరి పొలాల్లో నేల నెర్రెలిచ్చింది. గట్టు మీద కూర్చున్న ముసలాయన నన్ను చూసి, "సారూ, పేపర్లకు రాస్తరు గదా, బోర్డోళ్ల సంగతి జర గట్టిగ రాయుండ్రి" అన్నాడు.

"రాస్తా గానీ పెద్దాయనా, ఈ రాడ్డు పోయి ఎన్నాళ్లయింది?"

"రాడ్డా? మా పిల్లగాని పెండ్లినాటికే లేదు."

"పెళ్లెప్పుడయింది?"

"వాని బిడ్డ బడికి పోతుందిప్పుడు."

ఇదీ కాలమానం. ఆ రాడ్డు ఏ త్రిసభ్య కమిటీ విప్పుకుపోయింది? లష్కర్లు ఉండేవాళ్లు, కాలువను చంటిపిల్లలా చూసుకునేవాళ్లు. రిటైరైన లష్కరు చోట కొత్త లష్కరు రాలేదు. నాగార్జునసాగర్ కాలువల ఆధునికీకరణకు ప్రపంచ బ్యాంకు అప్పుతో 2010లో మొదలైన పథకం అంచనా 4,444 కోట్ల రూపాయలు. లైనింగు పడింది, కాదనను. కానీ కాలువ కట్ట 2022 సెప్టెంబరులో నిడమనూరు దగ్గర తెగింది, 2024 సెప్టెంబరు 1 వానలకు నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర మళ్లీ తెగింది. పంట మీద నీళ్లు, పొలంలో ఇసుక. రెండోసారి వానది తప్పు, సరే. మొదటిసారి?

బోర్డులో సభ్యత్వం గురించి ఇంత ఆవేశపడే మనం, మనకు నిజంగా సభ్యత్వం ఉన్న సంస్థను ఏం చేశాం? 1997లో ఉమ్మడి రాష్ట్రం రైతుల నీటిపారుదల నిర్వహణ చట్టం తెచ్చింది. ఆయకట్టులో భూమి ఉన్న ప్రతి రైతూ నీటి వినియోగదారుల సంఘంలో సభ్యుడు. కింద సంఘం, దాని పైన డిస్ట్రిబ్యూటరీ కమిటీ, దాని పైన ప్రాజెక్టు కమిటీ. పదివేలకు పైగా సంఘాలకు ఓట్లు పడ్డాయి. లోపాలున్నాయి, కాంట్రాక్టర్లు దూరారు, పార్టీలు దూరాయి, అన్నీ నిజమే. అయినా తూము రాడ్డు పోతే ఎవరి ఇంటి ముందు కూర్చోవాలో ఊరికి తెలిసేది. తెలంగాణ వచ్చాక ఆ సంఘాల ఎన్నికల ఊసే లేదు. అవతల ఆంధ్రాలో 2024 డిసెంబరులో జరిపారు. ఏడు కుర్చీల బోర్డులో మనవాళ్లు ఇద్దరే ఉన్నారని రొమ్ములు బాదుకుంటాం. ఎడమ కాలువ కింద తెలంగాణలో ఆరు లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంటే, ఆ రైతులందరికీ కుర్చీ ఇచ్చిన సంఘం మాయమైతే ఒక్క రాస్తారోకో లేదు. దీన్ని ఏమనాలి?

బోర్డు మీద నాకు ఫిర్యాదులు లేకపోలేదు. ఎవరెంత వాడారో తేల్చే టెలిమెట్రీ పని నత్తకు తమ్ముడిలా నడిచింది. ఆ యంత్రాలు అన్ని చోట్లా ఉంటే సగం తగాదా ఆ రోజే తీరేది. సమావేశాల మినిట్స్ రైతుకు అర్థమయ్యే భాషలో, రైతు చూసే చోట ఎక్కడా కనిపించవు. ఏడు కుర్చీల్లో ఒక్కటీ రైతుది కాదు, ఇంజనీర్లు, ఐఏఎస్‌లే. ఇవి గట్టి ఫిర్యాదులు. వీటి మీద ధర్నా చేస్తే నేనొచ్చి ముందు వరసలో కూర్చుంటాను. కానీ ఈ ఫిర్యాదులు ఎవరూ చేయరు, ఎందుకంటే వీటికి జవాబు చెప్పాల్సింది ఎవరంటే వేళ్లలో కొన్ని మన ప్రభుత్వం వైపే చూపిస్తాయి. "ఎత్తుకుపోయారు" అంటే ఎవరికీ జవాబు చెప్పే పని లేదు. నాయకుడికి సుఖం, అధికారికి సుఖం, టీ కొట్టుకు గిరాకీ.

కాబట్టి పాఠకులారా, ఈ వానకాలం నాట్లకు ముందు ఒక పని చేయండి. త్రిసభ్య కమిటీకి మన ఇంజనీర్ ఇన్ చీఫ్ ఎడమ కాలువ కోసం ఇచ్చిన ఇండెంట్ నకలు, కమిటీ ఇచ్చిన విడుదల ఉత్తర్వు నకలు, హెడ్ రెగ్యులేటర్ దగ్గర నెలవారీ వాడకం లెక్క, ఈ మూడూ సమాచార హక్కు చట్టం కింద నీటిపారుదల శాఖను అడగండి. మీ ఊరి తూము షట్టరుకు రాడ్డు ఎప్పుడు మంజూరైందో కూడా అదే కాగితం మీద అడగండి. దరఖాస్తు రుసుము పది రూపాయలు. కోదాడలో టీ కూడా అంతే.